రెండు వర్కుషాపుల మిషను

పదకొండున్నర. పన్నెండుకల్లా ప్రాజెక్టు ఆఫీసరు జీపు అనంతగిరి చేరుతుంది. ఈలోగా మిషను పనిచెయ్యకపోతే నలభై మిషన్ల ఆర్డరు మద్రాసు కంపెనీకి పోతుంది. తాతారావు విశాఖలో తన వర్కుషాపుకి తాళం వేసుకోవాలి.

కాఫీ పళ్ల తొక్క ఒలిచే మిషను అది. ఈ ప్రాంతపు వర్కుషాపులు రెండు కలిసి చేస్తేనే ఆర్డరని ఆఫీసు షరతు. డ్రమ్ము తాతారావుది. చట్రం, పిడి విజయనగరం సర్వేశ్వరరావువి. ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. కొలతలు కూడా రిజిస్టర్డ్ పోస్టులోనే పంపుకున్నారు. పైగా, మిషను బాగుందని రైతుల తరఫున సోములమ్మ వేలిముద్ర వెయ్యాలి.

సోములమ్మ పళ్లు పోసి పిడి తిప్పింది.

పళ్లు లోపలికి పోలేదు. టపటపా గాల్లోకి లేచాయి. ఒకటి సర్వేశ్వరరావు కళ్లజోడుకి తగిలింది. ఇంకోటి ఆఫీసు ఇంజినీరు సరళ కొప్పులో కూర్చుంది.

"ఇది మిసనా, తారాజువ్వా బాబూ?" సోములమ్మ పగలబడి నవ్వింది.

సరళ వంగి చూసింది. "డ్రమ్ము కుడికి తిరిగితేనే ఒలుస్తుంది. ఈ పిడేమో ఎడమకే తిరుగుతోంది. ఎటు తిరగాలో ఒకరినొకరు అడగలేదా?"

"మీ ఫారంలో ఆ గడి లేదు మేడమ్," అన్నాడు తాతారావు.

"డ్రమ్ము ఊడదీసి, ఈ కొస ఆ కొసకి తిరగేసి ఎట్టండి," అంది సోములమ్మ.

ఊడదియ్యాలంటే పానా కావాలి. అది సర్వేశ్వరరావు చేతిలో ఉంది.

"మేడమ్, ఆ పానా ఇమ్మని ఆయనకి సెప్పండి."

"నోరుంటే నన్నే అడగమనండి మేడమ్."

లోయలో జీపు హారను మోగింది.

"ఒరే సర్వేశం! పానా బేగి ఇయ్యరా!"

"ఇంద! ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నేను!"

జీపు ఆఖరి మలుపు తిరిగేసరికి డ్రమ్ము బిగిసింది. సోములమ్మ పిడి తిప్పింది. గింజలు ఇటు, తొక్కలు అటు, జలజలా రాలాయి. తాతారావు సర్వేశ్వరరావుని ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

జీపు దిగిన ఆఫీసరు కాగితం చాపాడు. సోములమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేం తిరగలి కూకునే తిప్పుతాం. నిల్సుంటే నడుం పడిపోద్ది. పిడి కిందికి దింపాల."

"కొత్త డ్రాయింగు పోస్టులో పంపుతాను," అన్నాడు సర్వేశ్వరరావు అలవాటుగా.

"పోస్టెందుకురా? రేప్పొద్దున్న మొదటి బస్సుకి మా వర్కుషాపుకి వచ్చీ!"

"ఆ మాట కోసమే సూత్తన్నాను. మీరిద్దరూ కూకుని మాటాడుకుంటే పిడి అదే దిగుద్ది," అంది సోములమ్మ. ఎర్రటి కాఫీ తొక్కల రసంలో బొటనవేలు అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది.