మలుపుకో రసం

మా అయ్యగారు లక్ష్మీనరసింహారావు గారు నూజివీడులో మామిడి వ్యాపారి. బేరంలో ఎంతటివాణ్ణయినా మూడు చెరువుల నీళ్ళు తాగిస్తారు గానీ, మేడ మెట్లెక్కితే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. అలాంటి మనిషి 1961 వేసవిలో ఒరిస్సా సరిహద్దు కొండల మీదికి కారులో బయల్దేరారు, డ్రైవర్ని నేను. అల్లుడు అక్కడి ప్రాజెక్టులో ఓవర్సీరు. కూతురు హైమవతికి ఐదో నెల. చిన్నరసాల మీదికి ప్రాణం లాగుతోందని ఉత్తరం రాసింది.

"పున్నయ్యా, కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. పళ్ళు దానికి చేరాలి. ఆయన్ని కాదు, నిన్ను నమ్ముతున్నా" అంటూ అమ్మగారు ముప్పై పళ్ళ గంప నాకు అప్పజెప్పారు.

సాలూరు దాటి ఘాటు రోడ్డు ఎక్కాం. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. మొదటి మలుపులోనే అయ్యగారు కళ్ళు మూసేసుకున్నారు.

"అమ్మా కొండతల్లీ! ఈ మలుపు దాటించావంటే నీకో రసం!"

దాటాం. ఆయన గంపలోంచి పండు తీసి లోయలోకి విసిరారు.

"అదేంటండీ, అమ్మాయిగారి పళ్ళు!"

"మొక్కురా! ఏరు దాటాక బోడి మల్లయ్య అనే రకం కాదు నేను."

నాకు ఒళ్ళు మండింది. ఘాటులో మలుపులకేం కరువా? ఇరవై ఒక్క పళ్ళు పోయాక ఆయనలోని వ్యాపారి నిద్ర లేచాడు. "తల్లీ, మూడు మలుపులకి కలిపి ఒకటి. హోల్‌సేలు" అన్నారు. సరిగ్గా అప్పుడే ఎదురుగా వెదురు లారీ వచ్చింది. కారు వెనక్కి తీశాను. వెనక చక్రానికీ అంచుకీ మధ్య జానెడు.

"ఎనిమిది! ఎనిమిది తీసుకో తల్లీ!" అని కేకలు పెట్టారు అయ్యగారు.

లారీ వెళ్ళిపోయింది. ఎనిమిదీ లోయపాలు. చూస్తే గంపలో ఒక్కటే మిగిలింది. ఆయన చెయ్యి దాని మీదికీ వెళ్ళింది. చటుక్కున లాక్కుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఇది అమ్మాయిగారిదండీ! ముట్టుకున్నారంటే నేను దిగిపోతా, మీరే నడుపుకోండి!"

పన్నెండేళ్ళ కొలువులో ఆయన మీద నోరు చేసుకోవడం అదే మొదలు. అయ్యగారు కారు దిగి పంచె ఎగ్గట్టారు.

"ఇవ్వడానికేం లేనప్పుడు మొక్కకూడదురా. నడుస్తా."

మిగిలిన ఘాటంతా కొండను తడుముకుంటూ ఆయన ముందు, ఫస్టు గేరులో నేను వెనక. ప్రతి మలుపులోనూ కళ్ళు మూసుకుని "కారొస్తోంది, తప్పుకోండి!" అని అరిచేవారు. ఆ అరుపులకి ఓ బస్సు నిజంగానే ఆగింది.

కూతురి చేతిలో పండు పెడుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒకటే తెచ్చానమ్మా" అన్నారు. హైమవతి దాన్ని మెత్తగా పిసికి, మూతి కొరికి జుర్రుకుంది. రసం మోచేతిదాకా కారింది. టెంకను కూడా వదల్లేదు. నా ప్రాణం కుదుటపడింది.

"ఆ ఘాటు ఎలా ఎక్కావు నాన్నా?" అని అప్పుడడిగింది. జరిగిందంతా నేనే చెప్పాను. పడీ పడీ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరి దిగేటప్పుడు అమ్మవారికేం ఇస్తావు?"

అయ్యగారి మొహం పాలిపోయింది. దిగాలన్న సంగతే ఆయనకు తట్టలేదు.

"పురిటికి నిన్ను తీసుకెళ్ళాలిగా తల్లీ. అప్పుడే నీతోపాటు దిగుతాలే."

"దానికింకా నాలుగు నెలలుంది నాన్నా!"

కూతురింట్లో పూట భోంచేయడమే తప్పనే ఆ పెద్దమనిషి, అప్పటికే అల్లుణ్ణి పిలిచి తన మంచం ఎక్కడ వేయిస్తావని అడుగుతున్నారు.