టైలరు కాలు దాటిన చీమలు

టైలరు పొద్దున్నే షాపు షట్టరు ఎత్తేసరికి చీమలు బారుగా వచ్చేవి. నేరుగా మిషను దగ్గరికెళ్ళి, ఆయన కుడి పాదం చుట్టూ చేరేవి. బట్టలు కుట్టించుకోడానికొచ్చినవాళ్ళు ఆ బారు దాటి లోపలికొచ్చి, "మాస్టారూ, షుగరింకా దిగినట్టు లేదే" అని పలకరించి, కొలతలిచ్చి పోయేవారు. ఆ వీధిలో రక్తపరీక్ష కంటే ముందు చీమలే చెప్పేస్తాయి. డాక్టరమ్మ కూడా మొదట నేలవైపు చూసి, ఆ తర్వాతే కలం తీసేది.

"అన్నం సగానికి తగ్గించండి. మాత్రలు మానొద్దు, రోజూ నడవండి. వారానికి మూడుసార్లు చేప తినండి, వేపుడు మాత్రం వద్దు," అంది డాక్టరమ్మ.

"చేపా? ముళ్ళు ఏరుకుంటూ కూర్చుంటే నా పనెవరు చేస్తారమ్మా?"

"నేను ఏరిపెడతాను లెండి," అంది పక్కనున్న ఆయన భార్య.

అన్నమాట నిలబెట్టుకుంది మహాతల్లి. బజారుకెళ్ళి, మొప్పలెత్తి చూసి మరీ చేపలు తెచ్చేది. ఉడికిన ముక్కల్లో ముళ్ళు తీసి ఆయన కంచంలో వేసేది. ఆయన లేచాక, ఆయనకి తగ్గించిన అన్నం కూడా తన కంచంలోకే వంపుకుని, గిన్నె అడుగున మిగిలిన గుజ్జుతో కలుపుకు తినేది. పారేయడానికి చేతులు రావు కదా. "నీకు ముక్కలున్నాయా?" అని ఆయన ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

మూడేళ్ళకి చీమలు పలచబడి, ఒకరోజు ఒక్కటీ రాలేదు. టైలరు కాలు చాపి వచ్చినవాళ్ళందరికీ చూపించి గొప్పలు పోయాడు. "నీ గొప్పేముందిలే, అంతా మా వదినది," అన్నాడు పక్క కొట్లో ఇస్త్రీ చేసే ఆయన.

ఆ మూడేళ్ళలోనే భార్య జాకెట్లు నాలుగుసార్లు బిగించాడు టైలరు. వీధిలో అందరి నడుం కొలతలూ నోటికి చెప్పే మనిషికి, ఇంట్లో మనిషి ఎందుకు చిక్కిపోతోందో తట్టలేదు. పనెక్కువై ఉంటుందనుకుని కుట్టు వేసి ఇచ్చేశాడు.

ఓ మధ్యాహ్నం కళ్ళజోడు మర్చిపోయి ఇంటికొచ్చాడు. వంటింట్లో ఆవిడ తడిగుడ్డతో నేల తుడుస్తోంది. తుడిచినకొద్దీ చీమలు మళ్ళీ బారు కట్టి ఆవిడ పాదాలెక్కుతున్నాయి.

"ఎప్పట్నుంచే?"

"రెండేళ్ళవుతోంది."

"నాకు చెప్పొద్దూ?"

"మీకప్పుడప్పుడే తగ్గుతోందాయె. నా దిగులు పెట్టుకుని తిండి మానేస్తారని."

"ఒక్క ముక్క నువ్వు తింటే ఏం పోయేదే?"

"మీరు మళ్ళీ అడుగుతారేమోనని ఉంచేదాన్ని," అంది ఆవిడ. ఆయన అక్కడే తడినేల మీద కూలబడి ఏడ్చాడు.

డాక్టరమ్మ చీమల్ని చూసింది, రిపోర్టులు చూసింది. "కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయండీ. ఇప్పుడీవిడకి చేపైనా ఎక్కువ పెట్టకూడదు. చిన్న ముక్క, అంతే."

"ఇన్నాళ్ళూ నేనే మింగాను తల్లీ. ఇప్పుడు పెడదామంటే మీరు వద్దంటారా?" అన్నాడు టైలరు.

మిషను ఇంటి ముందుగదిలోకి మార్చుకున్నాడు. తనే వండి, ఆ చిన్న ముక్కని గింజలంత చేసి భార్య నోట్లో పెట్టేవాడు. ప్రతి ముద్దకీ "మీరు తిన్నారా?" అనేది. తిన్నానంటే గానీ నోరు తెరిచేది కాదు. ఆవిడ ఆయాసం మిషను చప్పుడులోంచి కూడా ఆయనకి వినపడేది.

ఒక మధ్యాహ్నం ఆయన చొక్కాకి కాలరు కుడుతుంటే, లోపలి గదిలోంచి చీమలు బయటికొచ్చాయి. బారు వీధి గుమ్మం వైపు సాగింది. ఆయన మిషను ఆపాడు. లోపల్నుంచి ఆయాసం వినపడలేదు. చీమలు ఎందుకు వెళ్ళిపోతున్నాయో ఆయనకి తెలుసు.

లోపలికెళ్ళలేదు. గుమ్మంలో చతికిలబడి, కుడికాలు చీమల బారుకి అడ్డంగా చాపాడు.

"నా దగ్గరికి రండి. మీకు పాతవాణ్ణే కదా," అన్నాడు మెల్లగా.

ముందున్న చీమ ఆయన బొటనవేలిని తడిమి చూసింది. పాదం చుట్టూ తిరిగి మెట్టు దిగింది. వెనకున్నవన్నీ అలాగే తిరిగి దిగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయన కాలెక్కలేదు.