యారెమా పారాచూటు

హేమంతము గడచి శిశిరము నిండారఁ బరవిన యా కాలమునందు డొనెట్స్ నదీతీరమునఁ గల మైదానమెల్లయు నేల యేదియో నింగి యేదియో తెలియరాకుండ నొక్కటే తెలుపై యుండెను. కోఁతకు నోఁచుకొనక చేలలో నిలిచిపోయిన పొద్దుతిరుగుడు మోడులు మంచునుండి నల్లని తలలెత్తి వరుసవరుసలుగా వంగి యుండెను. తెల్లవాఱెనన్న మాటయే గాని సూర్యుఁడు మేఘపటలమును వెడలి రాఁజాలక పాలిపోయిన వెలుఁగును మాత్రమే క్రిందికిఁ బంపుచుండెను. దూరమున ఫిరంగులు నడుమ నడుమ మ్రోఁగుచుండఁగా నా మ్రోఁత కలవాటుపడిన కాకులు రెక్క యైనఁ గదల్పక కూలిన యిండ్ల వాసములమీఁదఁ గూర్చుండి యుండెను. ఆ యూరి పేరు తెర్నివ్కా. అందుఁ బైకప్పుతో మిగిలినది పాఠశాల యొక్కటియే.

ఆ పాఠశాలలోఁ బూర్వము పిల్లలు పాటలు నేర్చుకొనుచుండిన గదియందు సొలోమియా యను నలువదేండ్లు దాఁటిన వనిత కిటికీకిఁ గొట్టిన పలకల సందులనుండి వచ్చు వెలుఁగున సూది చేతఁబట్టి యొక తెల్లని వస్త్రపు టంచును గుట్టుచుండెను. ఆమె శ్యేనదళ మను గగనసైనిక దళమునందుఁ బారాచూట్లు మడఁచు శాలలోఁ దల నెరయుదాఁకఁ బనిచేసినది. దుముకువాఁడెవ్వఁడైనను దన పారాచూటును దన చేతులతోనే మడఁచి మూటగా బిగించుకొనవలెనన్నది యా దళమునందలి నియమము. ప్రక్కన నిలిచి మడఁత మడఁతకును దప్పు లెన్నుట సొలోమియా పని. ఆమె కన్నుగప్పి యొక్క త్రాడైనను జిక్కుపడి పోఁజాలదు. పెండ్లి చేసికొనక కోడండ్రులేని కొఱతను అక్క మామీఁదఁ దీర్చుకొనుచున్నదని సైనికులు నవ్వెడివారు. ఆమెయు నవ్వి మఱల మొదటినుండి మడఁపించెడిది.

శ్యేనదళ చరిత్రము నించుక చెప్పవలసి యున్నది. యుక్రెయిను దేశము స్వతంత్రమైన తొలినాళ్లలో నీ దళము పుట్టినది. ఆకాశమునుండి శత్రువు వెన్నుమీఁదికి దిగుటకై యేర్పడిన యీ వీరులు ముదురెఱుపు టోపీలు ధరించి పరదేశములందు శాంతిరక్షణమునకుఁ బోయి పేరు తెచ్చుకొనిరి. తూర్పున మొదటి యుద్ధము రేఁగినపుడు ముట్టడిలోఁ జిక్కిన తమవారికి విమానములనుండి రొట్టెలను మందులను జారవిడిచిరి. దేశమంతటను నిప్పటి మహాయుద్ధము వచ్చిన పిదప మాత్రము వారి కాకాశము మూసికొనిపోయెను. శత్రుని యస్త్రములు విమాన మొకదానినైన దరికి రానీయకుండుటచే గగనమునఁ దిరుగవలసినవారు గడ్డపాఱలు చేతఁబట్టి కందకములు త్రవ్వుకొని యందే తినుచు నందే నిద్రించుచు నందే మరణించుచుండిరి. “గ్రద్దలమని చెప్పికొని పందికొక్కులైతిరి గదా, పేరు గొప్ప యూరు దిబ్బ” యని ప్రక్క దళములవారు పరిహసింపఁగా శ్యేనదళమువారును నవ్వి “కన్నమును విడిచి పాఱిపోయిన పందికొక్కు నెన్నఁడైనఁ జూచితిరా” యని బదులు చెప్పెడివారు. అట్లు నవ్వినవారిలో సగము మంది యిప్పుడు లేరు. వారి స్థానమున వచ్చినవారు ట్రాక్టరులు నడపినవారును గోడలకు రంగులు వేసినవారును బడులలో లెక్కలు చెప్పినవారునై డేగబొమ్మను భుజమున ధరించిరే కాని విమానమునుండి యొక్కమాఱైనను దుమికినవారు కారు.

సొలోమియాకుఁ దమ్ముఁ డొక్కఁ డుండెను. ఆతని పేరు యారెమా. తల్లి పోవునాఁటి కాతఁ డక్షరములు దిద్దుకొను పసివాఁడు గాన అక్కయే తల్లియై పెంచినది. వంటయింటి నేలపైఁ బాఁత దుప్పటిని బఱచి పారాచూటు మడఁచు విధమును వానికి నేర్పినదియు నామెయే. పెరిగి శ్యేనదళమున సార్జంటై యెందఱినో విమానపు వాకిటనుండి భుజము తట్టి పంపినను యారెమా మడఁతలయందలి యొక లోపము మాత్రము పోలేదు. వలసినదానికంటె బిగువుగా మడఁచెడివాఁడు. “ఇంత బిగువేల నాయనా, ఇది శత్రువు మెడ కాదు, నీ ప్రాణము” అని సొలోమియా గద్దించినప్పుడెల్లఁ దల వంచుకొని మఱల నట్లే మడఁచెడివాఁడు.

ఆ దళమున నింకొక యాచారము గలదు. ఒకఁడు మడఁచిన మూటను వాని చేయి గాక వేఱొక చేయి విప్పరాదు. విప్పవలసి వచ్చెనా, వాఁడు చచ్చినాఁడని యందఱు నొప్పుకొన్నట్లే. కడచిన వేసవిలోఁ బొద్దుతిరుగుడు పూయు దినములందు యారెమా తనవారిని వెనుకకుఁ బంపి తానొక తోపునందు నిలిచి శత్రువు నాపుచు మఱి తిరిగి రాలేదు. శవము దొరకలేదు. చెఱలో నున్నాఁడేమో యని కొందఱనిరి. అన్నవారు సైతము సొలోమియా మొగముఁ జూచి యనిరే కాని నమ్మి యన్నవారు కారు. ఆమె మాత్రము నమ్మినది. గిడ్డంగిమీఁద బాంబు పడి పారాచూట్లలోఁ బెక్కులు కాలిపోయిననాఁడు పొగలోనికిఁ జొచ్చి తమ్ముని మూటను ఱొమ్మున నదుముకొని తెచ్చినది. అప్పటినుండి దళము కదలినచోటి కెల్ల దానిని మోసికొని పోయి తన పడక పైనున్న యలమరలో నునిచికొనుచుండెను. మిగిలిన పారాచూట్లను గత్తిరించి క్షతగాత్రులను మోయు జోలెలుగను మంచులోఁ గానరాకుండఁ గప్పుకొను తెల్లని కప్పులుగను గుట్టి యిచ్చినది కాని దాని జోలికిఁ బోలేదు. మడఁచిన పారాచూటును గొన్ని మాసముల కొకమాఱు విప్పి గాలికి వ్రేలఁగట్టి మఱల మడఁపవలెనన్న శాస్త్రము ఆమెకుఁ దెలియనిది కాదు. గడువు దాఁటిన మూటలను సైనికుల వీఁపులనుండి లాగి పాఱవైచిన చేయియే యిప్పుడు గడువు దాఁటిన మూటపైఁ బడిన దుమ్మును దినదినమును దుడుచుచుండెను.

ఆ యుదయమున దళాధిపతియైన మేజరు హావ్రిలెంకో వచ్చి బూట్ల మంచును దులుపుకొని లోపల నిలిచెను. ఆమెకంటెఁ బదేండ్లు చిన్నవాఁడు.

“అక్కా! మైదానమున కావల దుంపల గిడ్డంగి నేలమాళిగలో మనవారు అయిదుగురు గాయపడి యున్నారు. మంచు కురియుచున్నంతసేపే మనకు దారి. మధ్యాహ్నమునకు మబ్బు విచ్చునఁట. విచ్చెనా, శత్రువుల డ్రోనులు చీమను సైతము విడువవు. తెల్లని కప్పు లేనిదే మోయువారి నంపఁజాలను. మీ చేతిలోనిదానితో నాలుగున్నవి. అయిదవది కావలెను.”

“దీనితో గుడ్డ యంతయుఁ దీఱిపోయినది. దుప్పట్లు జతచేసి కుట్టి యిచ్చెదను” అని సొలోమియా తల యెత్తకయే చెప్పెను.

“దుప్పట్లు తడిసి బరువెక్కి కొయ్యబాఱును. మీకుఁ దెలియని దేమున్నది?”

అతఁడు అలమరవంకఁ జూడలేదు. చూడకుండుటకే పాటుపడుచున్నాఁడని యామెకుఁ దెలిసెను. చేతిలోని సూది యాగిపోయెను.

“అది వాఁడు మడఁచినది” అనెను.

“ఎఱుఁగుదును. దానిని ముట్టుటకు నాకు హక్కు లేదు. ఆజ్ఞ యిచ్చుటకును రాలేదు.”

“వాఁడు వచ్చి నా మూట యేదక్కా యనిన నేమి చెప్పుదును?”

మేజరు మెల్లఁగా నిట్లనెను: “అక్కా! నేను మొదట మడఁచిన పారాచూటును మీరు పలుమాఱులు విప్పించి మడఁపించితిరి. ఆ దినమున మిమ్ము మనసులోఁ దిట్టుకొంటిని. నేఁడు బ్రతికి యున్నాను. ఈ విద్య మీరు నేర్పినది గనుక మిమ్మే యడుగుచున్నాను. యారెమా యీ క్షణమునఁ దలుపు త్రోసికొని వచ్చి యా మూటను వీఁపునఁ గట్టుకొని దుమికినచో అది విచ్చుకొనునా?”

సొలోమియా సూదిని వస్త్రమున గ్రుచ్చి ప్రక్కకుఁ బెట్టెను. వేసవి యుక్కయు శరదృతువు తేమయు శిశిరపు గడ్డకట్టు చలియు నొకదానివెంట నొకటి చొచ్చిన యా బిగువైన మడఁతలలో వస్త్రము వస్త్రమునకు నతుకుకొని యుండునని త్రాళ్లను బట్టు రబ్బరు కట్లు బిరుసెక్కి యుండునని యామె యెఱిఁగినంతగా నా దళమున నెవ్వరు నెఱుఁగరు. ఇంతకాలము తమ్ముని ప్రాణమని దాఁచికొన్నది వాఁడు ధరించినచో వానినే చంపును. గాలిలో దీపము పెట్టి దేవుఁడా నీ మహిమ యన్నట్లు తాను గడపిన దినము లన్నియు నొక్కమాఱుగ నామె కన్నులయెదుట నిలిచెను.

“విచ్చుకొనదు” అనెను. “వాఁడు వచ్చుననియే గదా, తమ్ముఁడా, దాఁచితిని.”

మేజరు గోడవైపు తిరిగి నిలిచెను. సొలోమియా స్టూలెక్కి మూటను దింపి బల్లపై నుంచి యొకమాఱు రెండు చేతులతోను దడవి కట్లు విప్పెను. అతుకుకొన్న మడఁతలు పాఁత పుస్తకపుటాకులవలెఁ బెరపెరమని విడివడెను. ప్రతి మడఁతయందును దమ్ముని బొటనవ్రేలి యొత్తు తెలియుచుండెను. అయ్యో, ఎంత బిగువుగా మడఁచెను! చెప్పిన మాట విననివాఁడు కడసారియు వినలేదు. ఆమె యేడువలేదు. ఏడ్చినఁ జేయి వణఁకును, చేయి వణఁకినఁ గోఁత వంకర పోవును, మంచు కురియుట తగ్గుచుండెను. కత్తెర తీసికొని నడిమినుండి నిలువునఁ గోసి యంచు మడఁచి కుట్టి మేజరు చేతఁ బెట్టెను.

మోయువారు బయలుదేఱిన పిమ్మట సొలోమియా గడపయందు నిలిచి మైదానము వంకఁ జూచుచుండెను. చూచుటకేమియు లేదు; ఏమియుఁ గానరాకుండుటయే వారు బ్రతికి యుండుటకు గుర్తు. మొదటి జోలె వచ్చెను. అందున్నవాఁడు గడప దాఁటకమునుపే ప్రాణము విడిచెను. రెండవదియు మూఁడవదియు వచ్చెను. నాలుగవది వచ్చునప్పటికి మంచు నిలిచిపోయి మబ్బులనడుమ నీలము తొంగిచూచుచుండెను. పైన నెక్కడనో డ్రోను రొద వినవచ్చెను. అయిదవది రాలేదు. అంతలో మోడుల వరుసచెంత మంచుదిబ్బ యొకటి యించుక కదలి యాగి మఱల కదలెను. రొద దగ్గఱయై తలమీఁదుగఁ దిరిగి దూరమయ్యెను. అయిదవ జోలె తెల్లని కప్పుక్రింద గడపకుఁ జేరెను.

ఆ తుదివాని పేరు పానాస్. పోల్టావా సీమలో ట్రాక్టరు నడపినవాఁడు. తొడయెముక విఱిగి మూఁడుదినములనుండి నేలమాళిగలోఁ బడియుండెను. వైద్యశాలకుఁ గొనిపోవు బండి వచ్చుదాఁక వానిని సొలోమియా గదిలోఁ బరుండఁబెట్టిరి. మందుసూది పొడిచిన మత్తులో నాతఁడు తనపైఁ గప్పియున్న వస్త్రమును వ్రేళ్లతోఁ బుణుకుచు నడిగెను.

“అక్కా! ఇదేమి గుడ్డ? గాలికంటెఁ దేలికగా నున్నది.”

“పారాచూటు నాయనా.”

“నిజమా!” యని యాతఁడు నవ్వఁబోయి నొప్పిచేఁ బండ్లు గొఱికెను. “ఏఁడాదినుండి శ్యేనదళములో నున్నాను గాని పారాచూటును జూచుట యిదే. మా అమ్మ, నా కొడుకు ఆకాశమునుండి దుముకునని యిరుగుపొరుగులతోఁ జెప్పి మురియుచున్నది. నేనును గాదనలేదు. మీరు దుమికితిరా? ఎట్లుండును? ఇంటికిఁ బోయినపుడు అమ్మకు ఏదియో యొకటి చెప్పవలెను గదా.”

సొలోమియా వాని ప్రక్క నేలపైఁ గూర్చుండెను. “మొదట గాలి మొగమునఁ గొట్టును. ఏమియు వినఁబడదు. భయపడుటకైనఁ దీఱిక యుండదు. అంతలోఁ బడిపోవు బిడ్డను దల్లి మెడపట్టు పట్టి లాగినట్లు భుజములు పైకిఁ బోవును. తల యెత్తి చూతుము. తెల్లగా విచ్చుకొని యుండును. అప్పుడంతయు నిశ్శబ్దము. క్రింద నెవ్వరో కట్టెలు కొట్టుచున్న చప్పుడును గుక్క మొఱుగుటయు వినఁబడును. దిగవలెనని యుండదు.”

“కుక్క మొఱుగుట వినఁబడును” అని పానాస్ పాఠము వల్లించినట్లు మెల్లఁగాఁ బలికెను. “అమ్మ దీనిని నమ్మును.” పిమ్మట వస్త్రమునందలి నెత్తుటి మరకను జూచి సిగ్గుపడినవానివలె నడిగెను. “ఇది యెవరిది? చించి పాడుచేసితిమి. ఆయనకుఁ గోపము రాదా? ఎక్కడ నున్నాఁడో చెప్పుఁడు, నేనే క్షమింపు మని వేఁడుకొందును.”

ఆ గదిలో నింతవఱకు నెవ్వరును జెప్ప సాహసింపని మాట యొకటి యుండెను. దానిని సొలోమియాయే చెప్పెను.

“నా తమ్మునిది. చనిపోయినాఁడు నాయనా. వేసవిలోనే చనిపోయినాఁడు.”

చెప్పిన వెంటనే యామె నోరు మూసికొనెను గాని యాలస్య మయ్యెను. ఎన్నినాళ్లనుండియో గుండెలో గడ్డకట్టియున్న దుఃఖము కరఁగి పొంగి వచ్చెను. పోయిన కొడుకుకొఱకుఁ దల్లి యేడ్చునట్లు బిగ్గఱగా సిగ్గువిడిచి యేడ్చెను. పానాస్ తనపై నున్న వస్త్రపు కొంగును బాగుగా నున్నచోటు వెదకి యామె చేతి కందించెను. ఆమె దానిలో మొగము దాఁచికొనెను.

బండి వచ్చినపుడు మోయువారు కప్పును దీసి యునిచిపోదుమా యని యడుగఁగా సొలోమియా వలదని దానిని వాని గడ్డముదాఁకఁ గప్పి యంచులు ప్రక్కలకు దోపెను. బండి కుదుపులతోఁ గూలిన యిండ్లనడుమనుండి సాగిపోయెను. పోయినవారిని దాఁచికొన్నంత కాలము వారు మనయొద్దనే యుందురని మనుష్యుఁడు నమ్ముట సహజము. వారు మిగిల్చిన దానిని బ్రతికియున్నవాని కిచ్చిననాఁడు గాని వారు పోయిరన్న మాట నోట వెడలదు. ఆ మాట వెడలిననాఁడు గాని యేడ్పు రాదు. సొలోమియా యా సాయంకాలము చాలసేపు ఏడ్చెను.