విరగాల్సిన ఇటుక

లక్డారం దాటాక రోడ్డు పక్కనున్న సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో మొగులయ్య మిక్సర్ మేస్త్రీ. ఒకప్పుడు మూడెకరాల ఆసామే. బోరు ఎండిపోయాక ఈ పనిలో చేరి ఇరవై ఆరేళ్ళయింది. పటాన్‌చెరులో సగం గోడలు తన చేతి చలవ వల్లే నిలబడ్డాయని అతని నమ్మకం. ఆ సంగతి అడిగినవాళ్ళకు చెప్పేవాడు, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పేవాడు. "మిగిలిన సగం ఎట్ల నిలబడ్డయో పాపం" అనేది భార్య సుమిత్ర.

అలాంటి మనిషి దగ్గరికి ఓ రోజు ఇంజనీరు నిహారిక వచ్చి, విరిగిపోయే ఇటుకలు చేయమంది.

"ఇరిగేటియా?" అన్నాడు మొగులయ్య.

"అవ్ కాకా. విమానం చక్రం ఎక్కంగనే ఇరగాలె."

ఈ పిల్లకు ఎండ దెబ్బ తగిలిందేమో అనుకున్నాడు. నిహారిక ఓపిగ్గా విడమరిచి చెప్పింది. వాన పడ్డ రన్‌వే మీద విమానం దిగాల్సిన చోటు దాటి దిగిందనుకో, తడికి బ్రేకులు సరిగా పట్టవు, ఆగేలోపే రన్‌వే అయిపోతుంది. అవతల లోయ. ఆ మధ్యలో ఈ ఇటుకల్ని పరుపులా పరుస్తారు. చక్రాలు వాటిని నలగ్గొట్టుకుంటూ దిగబడతాయి, విమానం ఆగుతుంది, లోపలివాళ్ళు క్షేమంగా ఇళ్ళకు పోతారు.

"ఇటుక గట్టిగుంటే చక్రం మీదికెల్లి ఉరికి లోయల పడ్తది. మరీ మెత్తగుంటే ఆపలేదు. లెక్క ప్రకారమే ఇరగాలె కాకా. సేటును నేనే ఒప్పించిన. గిది ఫెయిలైతే ఇగ ఇక్కడ నా మాట ఎవరు ఇనరు."

మొగులయ్య గంగిరెద్దులా తలూపాడు. విషయం తలకెక్కింది గానీ చేతికి ఎక్కలేదు. ఆమె రాసిచ్చిన కొలత ప్రకారం కలుపుతుంటే, కల్లులో నీళ్ళు పోస్తున్నంత పాపంగా తోచింది. తన చేతి ఇటుక పిండైపోతే నలుగురిలో తలెత్తుకోవడం ఎలా? ఎవరూ చూడకుండా ప్రతి వాయికీ అర తట్ట సిమెంటు ఎక్కువ వేశాడు. ఇది మోసం కాదు, మర్యాద అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

నెల తర్వాత పరీక్ష పెట్టారు. విమానాశ్రయం నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళ వెంట విమానాలు నడిపే కెప్టెన్ మహిత కూడా వచ్చింది. ఆమెది సంగారెడ్డే. విమానం టైర్లు బిగించిన బరువు బండిని ట్రక్కుకు కట్టి ఇటుకల మీద లాగించారు. చక్రాలు జానెడు లోతు దిగబడాలి. బండి మాత్రం బరాత్‌లో పెళ్ళికొడుకు పోయినంత దర్జాగా అవతలికి వెళ్ళిపోయింది. ఒక్క ఇటుకా చెక్కుచెదరలేదు.

మొగులయ్య మీసం అతణ్ణి అడక్కుండానే పైకి లేచింది. అంతలో నిహారిక కనిపించింది. కాగితాలు అటూ ఇటూ తిప్పుతోంది. "నా లెక్కలనే ఏదో తప్పుంది సార్" అంటోంది. లేచిన మీసం అక్కడే వాలిపోయింది.

చాయ్ ఇచ్చారు. మొగులయ్య గ్లాసు పట్టుకుని ఓ పక్కకు జరిగాడు. చెబితే ఇరవై ఆరేళ్ళ పేరు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల పేరు పోతుంది. మింగలేక కక్కలేక, పక్కనే నిలబడ్డ మహితను ఏదో ఒకటి అడిగాడు.

"అసలు విమానం గంత దూరం ఎందుకు ఉరుకుతది మేడం? జెర సూస్కొని దిగరాదా?"

మహిత నవ్వింది. "దిగొచ్చు కాకా. స్పీడు ఎక్కువైందని, ఎత్తు ఎక్కువుందని శానసార్లు పైన్నే తెలుస్తది. గప్పుడు దిగొద్దు. మళ్ల పైకి లేపి, ఒక చుట్టు తిరిగొచ్చి దిగాలె."

"మరి గట్ల ఎందుకు చెయ్యరు?"

"ఎనక రెండొందల మంది కూసున్నరు, ఏమనుకుంటరో అని సిగ్గు. ఎట్లనో గట్ల దించుదామనుకుంటరు. కింద పడ్డా మీసాలకు మన్ను అంటలేదనేటోళ్ళు మా దాంట్ల గూడ ఉంటరు."

"లేపితే కంపెనీ తిట్టదా?"

"మా కంపెనీల తిట్టరు. ఇయ్యాల నన్ను తిడితే, రేపు ఇంకొకలు తిట్లకు భయపడి దించుతరు గద. పోయిన వానకాలం నేనే రెండుసార్లు లేపిన. ఒక పెద్దమనిషి దిగుకుంట, ముందుగాల బస్సు నేర్చుకోరాదా బిడ్డా అన్నడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొగులయ్యకు నవ్వు రాలేదు. గ్లాసు కింద పెట్టి నేరుగా నిహారిక దగ్గరికి నడిచాడు.

"మీ లెక్క తప్పు కాదు మేడం" అన్నాడు, అందరూ వింటుండగానే. "వాయికి అర తట్ట సిమెంటు నేనే ఎక్కువేసిన. పల్చగ కలపనీకి చెయ్యి రాలే."

నిహారిక ముఖం ఎర్రబడింది. తిడుతుందనే అనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఇందాకటి తిట్ల మాట ఆమె కూడా విన్నట్టుంది, ఒకసారి మహిత వైపు చూసి, ఊపిరి వదిలి, పెన్ను తీసింది.

"అర తట్టంటే సగానికేనా, ఇంకా నిండుగనా? సరిగ్గ చెప్పు కాకా, రాసుకుంట."

"జెర నిండుగనే ఉంటది" అన్నాడు నేల చూపులు చూస్తూ.

విమానాశ్రయం వాళ్ళు ఇంకో నెల గడువిచ్చారు. ఈసారి మొగులయ్య సిమెంటును తూకం వేసి, తట్టను కాలితో దూరంగా నెట్టేసి మరీ కలిపాడు. ఇంట్లో సుమిత్ర ఊరుకుంటుందా? "పెండ్లయినకాన్నుంచి రొట్టె మెత్తగ లేదని నన్ను సతాయిస్తివి. మెత్తగ చేసుడు ఎంత కష్టమో ఇప్పుడు ఎరుకైందా" అంది.

రెండో పరీక్షలో చక్రాలు ఎక్కీ ఎక్కగానే ఇటుకలు కరకరా నలిగాయి. ఆ చప్పుడుకు మొగులయ్య పళ్ళు బిగబట్టాడు. జానెడు లోతుకు దిగబడి బండి ఆగిపోయింది. ట్రక్కు ఎంత గుంజినా కదల్లేదు. నిహారిక చప్పట్లు కొడుతూనే కళ్ళు తుడుచుకుంది. మొగులయ్య వెళ్ళి పిండైన ఇటుకను గుప్పిట్లోకి తీసుకున్నాడు. బాధగానూ ఉంది, గర్వంగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి కలగడం అతనికి కొత్త.

మహిత వచ్చి పక్కన నిలబడింది. "మంచిగ ఇరిగినయి కాకా. ఇగ నేను వీటి మీదికి ఎన్నడు రావొద్దని మొక్కుకో."

మొగులయ్య ఆమెను తేరిపార చూశాడు. తన కూతురి ఈడు పిల్ల. ఆమె వెనక కూర్చునే ఆ రెండొందల మందీ ఎవరి పిల్లలో.

"రాకు బిడ్డా" అన్నాడు. "ఎవ్వలేమన్నా సరే, మళ్ల పైకే లేపు. గానీ ఎన్నడన్న వచ్చినవంటే మాత్రం బుగులు పడకు. ఇరుగుతయి."