అల్లుడు కొట్టిన గండి

ఎండిపోయిన నేల మీద పడవ వేసుకుని, అందులో తెడ్డు పట్టుకుని కూర్చున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ రోజు పొద్దున ఊరు ఊరంతా చూసింది. ఆవిడ మన విజిలుకి అత్తగారు.

విజిలంటే ఫ్యాక్టరీ గేటు కాపలావాడు. మెడలో విజిలు లేకపోతే కట్టుకున్న పెళ్ళాం కూడా "ఎవరు కావాలండీ?" అని అడిగేది. ఆ ఫ్యాక్టరీవాళ్ళు సముద్రం పక్కనున్న చిత్తడి నేలకి పొడుగ్గా కట్ట పోసి, ఉప్పునీళ్ళు లోపలికి రాకుండా ఆపేశారు. చుట్టూ కంచె వేశారు. లోపలికి వాళ్ళ నల్లనీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు ఎంత నలుపంటే, తెల్లకొంగ ఒక్క మునక వేసి ఒడ్డెక్కితే కాకులొచ్చి "రా వదినా, ఎప్పుడొచ్చావు?" అని పలకరించేవి.

అత్త ఆ చిత్తడిలో గుల్లలేరి అమ్ముకుని బతికిన మనిషి. కంచె పడ్డాక కూడా సందు చూసుకుని దూరేది. ఒకరోజు పైవాళ్ళు చూస్తున్నారని భయపడి విజిలు సొంత అత్తగారి మీదే విజిలూదాడు. అంతటితో ఆగాడా? బుట్ట లాక్కుని బోర్లించాడు. ఆవిడ కిందపడ్డ గుల్లల్ని చూసింది, అల్లుణ్ణి చూసింది.

"ఈ నీళ్ళు మళ్ళీ అందరివీ అయ్యేదాకా నీకూ నాకూ మాటల్లేవు" అంది.

అన్నంత పనీ చేసింది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, మాట మాత్రం గోడతో. "గోడా, నీకానుకుని కూర్చున్న మనిషి కాళ్ళు తీస్తే ఊడ్చుకుంటాను." "గోడా, అన్నం చల్లారిపోతోందని చెప్పు." ఇన్నేళ్ళలో ఆ గోడకి జవాబు చెప్పడం తప్ప అన్నీ వచ్చేశాయి. విజిలు పెళ్ళాం నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. వాడికి మాత్రం నవ్వొచ్చేది కాదు. తల్లి లేనివాడు. పెళ్ళైన కొత్తలో అత్త తిడుతూ వడ్డిస్తే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఇప్పుడు అన్నం వాడికి, తిట్లు గోడకి. ఒంటికేం పడుతుంది!

ఒడ్డుజనం ఊరుకోలేదు, కోర్టుకెళ్ళారు. కేసు ఎంత సాగిందంటే, మొదటి వాయిదాకి తల్లి చంకనెక్కి వెళ్ళిన పిల్ల చివరి వాయిదాకి తన పిల్లని చంకనేసుకుని వెళ్ళిందంటారు. ఆఖరికి రాజీ కుదిరింది. పాడుచేసినవాళ్ళే బాగుచెయ్యాలి. నల్లమట్టంతా తవ్వి లారీల్లో తీసుకుపోవాలి. కట్టకి గండి కొట్టి సముద్రాన్ని మళ్ళీ లోపలికి రానివ్వాలి. మడ మొక్కలు నాటాలి. కంచె పీకేసి నీళ్ళదాకా దారి వెయ్యాలి, పడవలు దించుకోడానికి రేవు కట్టాలి. ఆ దారికి తాళం ఉండకూడదు, టిక్కెట్టు ఉండకూడదు, ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు.

ఎండాకాలమంతా లారీలు తిరిగాయి. మొక్కలు తొట్టెల్లో బారులు తీరి నిలబడ్డాయి. దారి, రేవు తయారయ్యాయి. ఇక గేటూ, గండీ మిగిలాయి.

ఆ రోజు పొద్దున్నే విజిలు పానాలు తీసుకుని వచ్చి గేటుని ఊడబీకి పక్కన పడేశాడు. అత్త రాగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా, గేటే లేదు. రా."

ఆవిడ గేటు స్తంభం వైపు తిరిగింది. "స్తంభమా, గేటు పోయినంత మాత్రాన నీళ్ళొచ్చినట్టు కాదని చెప్పు."

చెప్పి, ఇన్నేళ్ళూ పెరట్లో తారు పూసి దాచుకున్న పడవని వాడు తెరిచిన దారి తొక్కకుండా, పక్కనున్న ఫ్యాక్టరీ గోదాము గోడ మీంచి పదిమంది చేత ఎత్తించుకుని మరీ లోపలికి దిగింది. పగుళ్ళు తీసిన నేల మీద, గండి కొట్టబోయే చోటికి దూరంగా పెట్టించుకుని ఎక్కి కూర్చుంది.

పని చూస్తున్న ఇంజినీరమ్మ పరుగున వచ్చింది. "అమ్మా, అక్కడ పడవేంటమ్మా? అది నేల!"

"నీ పని నువ్వు సరిగ్గా చేస్తే నీళ్ళవుతుంది తల్లీ. కానియ్యి."

జనం విరగబడి నవ్వారు. విజిలు మాత్రం కట్ట వైపే చూస్తున్నాడు. ఇవాళ నీళ్ళొస్తే అత్త మాట్లాడుతుంది. రాకపోతే మళ్ళీ గోడే గతి.

తవ్వే మిషను కట్టకి అడ్డంగా కాలవ తీసుకుంటూ పోయింది. సముద్రం వైపు పలచటి మట్టిగోడ ఒక్కటి మిగిలింది. సరిగ్గా అప్పుడే బురదలో మిషను చక్రాల గొలుసు దిగబడింది. డ్రైవరు ముందుకన్నాడు, వెనక్కన్నాడు. అది ఈనబోయే గేదెలా మూలిగి కూలబడింది.

"ఇక ఇది లేవదు మేడమ్. దీన్ని లాగాలంటే ఇంకో బండి రావాలి" అన్నాడు డ్రైవరు చెమట తుడుచుకుంటూ.

ఇంజినీరమ్మ గడియారం చూసుకుంది. "ఈ నెలలో పెద్ద పోటు ఇదే. ఇంకాసేపట్లో నీళ్ళు వెనక్కి తిరుగుతాయి. చిన్న పోటుకి గండి కొడితే తోపు చాలదు, మళ్ళీ పూడుకుపోతుంది. వచ్చే నెలదాకా ఆగాలి."

"వచ్చే నెలా!" అన్నాడు విజిలు. వాడికి ఇంట్లో గోడ కళ్ళముందు కనబడింది. సున్నం పెచ్చులతో సహా.

"ఆగడాల్లేవ్, గీగడాల్లేవ్! పారలు తియ్యండర్రా!"

వాడి నోట "వెళ్ళండి" తప్ప ఇంకో మాట వినని జనం ముందు బిత్తరపోయారు. తర్వాత పార ఉన్నవాడు పారతో, లేనివాడు పళ్ళెంతో, అదీ లేనివాడు చెప్పుతో మట్టి మీద పడ్డారు. ఇవతల గట్టు మీద కాలు పెట్టే చోటు లేకపోయింది. విజిలు మట్టిగోడ మీంచి అవతలి గట్టుకి దూకి అటువైపు నుంచి తవ్వడం మొదలెట్టాడు. అటు కట్ట చివర పాత పంపుషెడ్డు తప్ప ఏమీ లేదు, చుట్టూ సముద్రమే. ఆ సంగతి అప్పుడు ఎవరికి గుర్తుంది? వాడు తవ్వుతుంటే పందికొక్కులు వచ్చి పని నేర్చుకుపోవచ్చు.

"అన్నా, చాలన్నా! ఇవతలికి వచ్చెయ్!" అని డ్రైవరు అరుస్తూనే ఉన్నాడు.

ముందు పిల్లిపిల్ల నాలుకంత నీరు మట్టిని నాకింది. తర్వాత తాచుపాములా జరజరా జారింది. చూస్తుండగానే కట్టు తెంచుకున్న ఎద్దులమందలా విరుచుకుపడింది. మట్టిగోడ ఒక్క ఊపున పోయింది. ఏం హోరు! ఏం నురగ! చేపలు ఎంత తొందరపడ్డాయంటే, ఒకటి ఎగిరి డ్రైవరు చేతిలో ఉన్న టోపీలో పడితే, ఆయన ఆ ఖుషీలో చూసుకోకుండా టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. నీళ్ళు పగుళ్ళన్నిటికీ దాహం తీరుస్తూ పరుగెత్తి పడవ కిందికి చేరాయి. పడవ ఒకసారి అటూ, ఒకసారి ఇటూ ఒళ్ళు విరుచుకుని లేచింది. అత్త గొంతెత్తి ఒక్క కేక పెట్టింది. ఇంజినీరమ్మ చెప్పులు విసిరేసి గంతులేసింది.

గంతులెయ్యనివాడు ఒక్కడే. గండికి అవతల విజిలు. ముందు హోరుమనే నీళ్ళు, వెనక కోతకి తెగిన గట్టు, దాని వెనక సముద్రం, కాళ్ళకింద రొట్టెముక్కల్లా విరిగిపోతున్న గట్టు. పైగా వాడికి ఈత రాదు.

"ఓయ్! నేనిక్కడ!" అని అరిచాడు. నీళ్ళ హోరులో ఎవరికి వినబడుతుంది? ఇక వేరే దారిలేక విజిలు తీసి ఊదాడు.

అదే పొరపాటైంది. ఆ కూత వినీ వినీ అలవాటైన జనం ఒక్కసారిగా ఉలిక్కిపడి పది గజాలు వెనక్కి పరుగెత్తారు. వాడు ఇంకా గట్టిగా ఊదాడు. వాళ్ళు ఇంకా దూరం పరుగెత్తారు.

"ఇవాళ కూడానా నీ కాపలా? సిగ్గులేదూ!" అని పెళ్ళాం ఒడ్డు మీంచి చెయ్యి ఊపింది.

ఆ విజిలుకి ఏనాడూ వెనక్కి తగ్గని మనిషి ఒక్కతే ఉంది. అత్త పడవ తిప్పింది. గండి తోపు తగలకుండా, లోపలి వైపు నీళ్ళు నెమ్మదిగా సుడి తిరిగే చోటు చూసుకుని, అల్లుడు నిలబడ్డ మట్టిపెళ్ళ పక్కకి వచ్చి ఆగింది. చుట్టూ చూసింది. గోడ లేదు. స్తంభం లేదు. నీళ్ళు, పైన ఆకాశం, మధ్యలో అల్లుడు.

వాడు నోట్లోంచి విజిలు తీసేశాడు.

"ఈత రానివాడివి ఇన్నేళ్ళు నీళ్ళకి కాపలా ఎలా కాశావురా, దిక్కుమాలినవాడా!"

వాడికి కళ్ళు చెమర్చాయి. "అత్తా, ఇంకోసారి అను."

"అంటాను, ఎందుకనను? ముందు ఎక్కు! ఆ కాలు కాదు, ఈ కాలు! మధ్యలో కూర్చో! గుమ్మడికాయ బస్తా నయం నీకంటే, పెట్టినచోట కదలకుండా ఉంటుంది! ఏంటా నవ్వు? తెడ్డు పట్టుకో!"

వాడు తెడ్డు వేశాడు. పడవ ముందుకెళ్ళకుండా ఉన్నచోటే గిరగిరా మూడు చుట్లు తిరిగింది. ఒడ్డున జనానికి అప్పుడు విషయం అర్థమై ఈలలేశారు.

"అమ్మా! ఆయన్నిటు తీసుకురా!" అని కూతురు కేకేసింది.

"ఆగవే! ఇన్నేళ్ళ తిట్లు ఆగిపోయున్నాయి. ఒడ్డుకొస్తే వెనకేసుకొస్తావు. అన్నీ అయ్యాకే తెస్తాను!"

పడవ లోపలికి, ఒకప్పుడు గుల్లలుండే చోటికి తిరిగింది. కొత్త రేవులోంచి జనం మోకాలి లోతుకి దిగి ఒకరిమీదొకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. టోపీలో చేప కొట్టుకుంటుంటే డ్రైవరు నెత్తి పట్టుకుని ఎగురుతున్నాడు.

"అత్తా" అన్నాడు విజిలు పడవ అంచు పట్టుకుని, "ఇక్కడ లోతెంత ఉంటుంది?"

"తెడ్డు ఇలాగే వెయ్యి, నీకే తెలుస్తుంది."