సోనాబాయి గ్లాసులో మద్నూర్ బస్సు

బాన్సువాడ బస్టాండ్ పక్కన సోనాబాయి హోటల్లో చాయ్ తాగేవాళ్లు బస్సు కోసం రోడ్డు మీదికి పోయి మెడలు చాచరు. "సోనక్కా, నిజామాబాద్ బస్సు యాడిదాక వచ్చింది?" అని అడుగుతారు. ఆమె మందపాటి గాజు గ్లాసులో నీళ్లు పోసి, కంటికెదురుగా పట్టుకుని, "వర్ని దాటింది, ఇంకో చాయ్ తాగొచ్చు" అంటుంది.

వెలుగు గాజులో దూరేటప్పుడు కొంత, నీళ్లలో దూరేటప్పుడు కొంత వంగుతుందని బడిపిల్లలకూ తెలుసు. సోనాబాయి గ్లాసులో ఇంకాస్త ఎక్కువ వంగి, చౌరస్తా మలుపు తిరిగి, ఊళ్లు దాటి పోతుంది. అంతే తేడా. నీళ్లలో చేప ఉన్నదానికంటే పైకి కనబడ్డట్టు బస్సు కూడా దగ్గరగా కనబడుతుంది గనక, ఆమె ఐదు నిమిషాలు కలిపి చెబుతుంది.

రాఖీ పండుగ నాడు మాత్రం మద్నూర్ బస్సు సంగతి అడిగితే "నాకు తెల్వది" అంటుంది. మద్నూర్లో ఆమె తమ్ముడు పండరి ఉన్నాడు. ఏడేళ్ల కింద తల్లి పోయినప్పుడు సోనాబాయి ఏడుపులో పడి అతనికి ఆలస్యంగా ఫోన్ చేసింది. వచ్చేసరికి చితి ఆరిపోయింది. "ఇగ నీ గడప తొక్క" అని వెళ్లిపోయాడు. తప్పు తనదేనని తెలిసినా, పోయి రాఖీ కట్టడానికి ఆమెకు కాళ్లు రాలేదు. తమ్ముడు దిగని బస్సును చూసే ధైర్యమూ లేకపోయింది.

ఈ ఏడు రాఖీ నాడు నవత అనే అమ్మాయి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. "నేను జల్ది పోకుంటె మా అన్న డ్యూటీకి పోతడక్కా. మద్నూర్ బస్సు ఎంతసేపట్ల వస్తదో జర చూడు, నీ కాళ్లు మొక్కుత."

పండుగపూట ఆడపిల్ల అంత మాట అన్నాక కాదనలేక సోనాబాయి గ్లాసెత్తింది. బస్సు చౌరస్తాలో ఆగి ఉంది. దిగినవాళ్లంతా ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. ఒక్కడు మాత్రం కరెంటు స్తంభం పక్కన నిలబడి ఇటే చూస్తున్నాడు. తల నెరిసింది గానీ ముక్కు అచ్చం అమ్మదే.

"వచ్చేసింది బిడ్డా" అంటూనే, పొంగుతున్న పాలను వదిలేసి, పక్క బండి మీది రాఖీ ఒకటి లాక్కుని పరుగెత్తింది. చేరేసరికి పండరి మద్నూర్ పోయే లారీకి చెయ్యెత్తి ఉన్నాడు.

"ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?" అంది ఆయాసపడుతూ.

"ఏటా వస్తున్న. జరసేపు ఈడ నిలబడి మర్లిపోత. గిలాసల నువ్వు చూస్తవు గద, రావాలనిపిస్తె వస్తవనుకున్న."

"చూసి గూడ రాలేదనుకున్నవా, ఇన్నేండ్లు?"

"అనుకున్న."

సోనాబాయికి ఏడుపు ఆగలేదు. "చూడనే లేదురా. నువ్వు రాలేదని తెలుస్తదేమోనని భయపడ్డ."

పండరి చొక్కా చేతి గుండీ విప్పి చెయ్యి చాచాడు. తొందరలో ఆమెకు ముడి పడలేదు. లారీ ఆగి హారన్ కొడుతోంది.

"నిదానంగ కట్టక్కా" అన్నాడు పండరి. "లారీ పోనియ్."