నాన్న ముక్కు, నా మీటరు

అక్క కారు పొగ పరీక్షలో ఫెయిలైందంటే ముందు నేను నమ్మలేదు. ఎందుకు నమ్ముతాను? ఆ కారుని ట్యూన్ చేసింది నేను. నా చేతి మీదుగా వెళ్లిన బండి ఫెయిలవడం ఏడేళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు. గొప్పలు చెప్పుకుంటానని అక్క అంటుంది. ఉన్నమాట చెప్పుకుంటే గొప్పలెలా అవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఇదిగో నీ ఘనకార్యం," అంటూ అక్క చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండాల్సినదానికి రెట్టింపు ఉందట. అంటే ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, వెళ్లింది పూర్తిగా కాలడం లేదు. కింద ఎర్ర సిరాతో ఇంకో ముక్క రాసి ఉంది. ఈరోజు సాయంత్రం నాలుగింటిలోపు మళ్లీ చూపించి పాసవ్వాలి, లేదంటే టాక్సీ పర్మిట్ రద్దు. అక్క పదకొండేళ్లుగా ఆ టాక్సీ మీదే బతుకుతోంది. పర్మిట్ పోతే కొత్తదానికి రెండేళ్లు ఆగాలి.

అప్పటికి ఉదయం పదిన్నర.

"మీటరు తప్పు చెప్పదక్కా," అన్నాను. "పద్నాలుగు పాయింట్ ఏడు దగ్గర పెట్టి మరీ పంపాను."

ఈ అంకె సంగతి చెప్పాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు పద్నాలుగు పాయింట్ ఏడు కిలోల గాలి కావాలి. అంకె పెరిగితే గాలి ఎక్కువైనట్టు, తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్టు. పొగ గొట్టంలో పెట్టిన ఆక్సిజన్ సెన్సరు, కాలగా మిగిలిన ఆక్సిజన్ ఎంతుందో పసిగట్టి మీటరుకి చెబుతుంది. నేను ఆ అంకె చూసి, గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ స్క్రూని పావు చుట్టు అటో ఇటో తిప్పుతాను. కొత్త కార్లలో ఈ పని కంప్యూటరే చేసుకుంటుంది. అక్కది పాత కారు, దానికి కంప్యూటర్ని నేనే.

మీటరు నాది, షెడ్డు నాన్నది. నాన్న నలభై ఏళ్లు ఏ మీటరూ లేకుండా, పొగ వాసన చూసి ఈ పని చేశాడు. నేను మీటరు కొన్నాక కూడా మా షెడ్డులో ఒక పద్ధతి మారలేదు. నేను ట్యూన్ చేయడం అయ్యాక నాన్న కారు వెనక్కి వెళ్లి, వంగి, ఒకసారి పొగ పీల్చి "బాగుంది" అనాలి. అప్పుడే బండి గేటు దాటుతుంది. నాది పుట్టుకతోనే జలుబు ముక్కు, గులాబీకీ గ్రీజుకీ తేడా తెలియదు. అందుకని వాసన చూసే పని నాన్నదే. అక్క కారుకి కూడా నాన్న బాగుందనే అన్నాడు.

"కారంతా పెట్రోలు కంపు," అంది అక్క. "వారం రోజులుగా ఎక్కినవాళ్లెక్కినట్టు అద్దాలు దించేస్తున్నారు. దీని ముక్కు సంగతి సరే. నాన్నా, నీకెలా తెలియలేదు?"

నాన్న స్టూలు మీద కూర్చుని స్పార్క్ ప్లగ్గు తుడుస్తున్నాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"నాకు వాసన తెలిసి ఆరు నెలలైంది," అన్నాడు తలెత్తకుండా. "అప్పుడు జ్వరమొచ్చింది చూడు, అప్పట్నించీ."

"మరి బాగుందని ఎలా చెప్పావు?" అన్నాను నేను.

"నువ్వు మీటరు చూసి నవ్వావు. నువ్వు నవ్వావంటే బాగున్నట్టే కదా అనుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద కొంత, నా మీద అంతకన్నా ఎక్కువ. ఎందుకంటే ట్యూన్ చేసిన రోజు నాకూ అనుమానం వచ్చింది. అంకె సరిపోయేదాకా స్క్రూని ఎన్నడూ లేనిది ఒకటిన్నర చుట్టు తిప్పాల్సి వచ్చింది, అదీ పెట్రోలు పెంచే వైపు. ఏదో తేడాగా ఉందనుకుంటూనే, నాన్న బాగుందనగానే ఆ అనుమానాన్ని గాలికొదిలేశాను.

"భలే ఉంది," అంది అక్క. "నువ్వేమో ఆయన మొహం చూశావు. ఆయనేమో నీ మొహం చూశాడు. ఇద్దరూ కలిసి నా నోట్లో మట్టి కొట్టారు."

సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూర్చుంటే నాలుగవుతుందని బానెట్ ఎత్తాను.

నాలుగు ప్లగ్గులూ విప్పి చూస్తే నల్లగా మసిపట్టి ఉన్నాయి. పెట్రోలు ఎక్కువైందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వాటిని శుభ్రం చేసి బిగించి, సెన్సరు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాను. మీటరు మాత్రం హాయిగా పద్నాలుగు పాయింట్ ఏడు చూపిస్తోంది.

"ఇంకెందుకమ్మా ఆ మీటరు," అన్నాడు నాన్న. "అవతల పడేయ్."

"అది అబద్ధమాడట్లేదు నాన్నా. దానికి తగిలిన ఆక్సిజన్ లెక్క అది చెబుతోంది. ఆ ఆక్సిజన్ ఇంజన్లోంచి రావట్లేదు, అంతే."

ఇంజన్లోంచి కాకపోతే బయటినుంచి రావాలి. పొగ ధారగా రాదు, గుప్పు గుప్పుమంటూ వస్తుంది. రెండు గుప్పుల మధ్య గొట్టం లోపలికి పీలుస్తుంది. దారిలో ఎక్కడైనా సందుంటే బయటి గాలి దూరి సెన్సరుకి తగులుతుంది. సెన్సరేమో గాలి ఎక్కువైందంటుంది. నాలాంటి తెలివైనది ఆ మాట పట్టుకుని పెట్రోలు పెంచుతుంది.

నాన్నని పొగ గొట్టం చివర గుడ్డతో అదిమి పట్టుకోమన్నాను. నేను సబ్బునీళ్లతో గొట్టం పొడుగునా తడుపుకుంటూ వచ్చాను. ఇంజన్‌కి జానెడు దూరంలో, రెండు గొట్టాలు కలిసేచోట, బుడబుడా బుడగలొచ్చాయి. సందు లేకుండా అక్కడ బిగించిన గాస్కెట్ గోరంత మేర చిట్లి ఉంది.

కొత్త గాస్కెట్ షెడ్డులోనే ఉంది. తుప్పుపట్టిన బోల్టులే మొండికేశాయి. మూడు నాకు లొంగాయి, నాలుగోది నాన్నకి లొంగింది. మళ్లీ స్టార్ట్ చేసేసరికి రెండు దాటింది. మీటరు పన్నెండు దగ్గరికి పడిపోయింది.

"ఇదేంటి, ఇంకా పాడైందా?" అంది అక్క కంగారుగా.

"పాడైంది ఇప్పుడు కాదక్కా, వారం కిందట. ఇప్పుడు కనబడుతోంది."

స్క్రూని వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను, పావు చుట్టు చొప్పున. పన్నెండున్నర. పదమూడుంపావు. పద్నాలుగు. పద్నాలుగు పాయింట్ ఏడు. సబ్బునీళ్లు మళ్లీ కొట్టి చూశాను, ఒక్క బుడగ లేదు. మీటరు ఒళ్లో పెట్టుకుని అక్కతో వీధి చివరిదాకా రెండుసార్లు తిరిగొచ్చాను. తిరిగొచ్చి ఇంజన్ ఆడుతుండగానే చూస్తే అంకె అక్కడే ఉంది.

అక్క నాన్న వైపు చూసింది, తర్వాత నా వైపు. "వెళ్లమంటావా?"

ఆరు నెలలుగా ఈ షెడ్డులోంచి వెళ్లిన బండ్లన్నీ నా మీటరు మీదే వెళ్లాయని అప్పటికి నాకు బాగా తెలిసొచ్చింది. తెలియక పంపాను కాబట్టి ధైర్యంగా పంపాను. ఇప్పుడు తెలిసి పంపాలి.

"వెళ్లు," అన్నాను. నేనే వెళ్లి గేటు తీశాను.

నాలుగుకి పది నిమిషాలుండగా అక్క ఫోన్ చేసింది. "పాసైంది. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదట. ఈసారికి బతికిపోయావు," అంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, పొగ వల్ల కాదు.

నాన్న షెడ్డు వెనక కుళాయి దగ్గరున్నాడు. వెళ్లి చెప్పాను.

"నాకు తెలుసు," అన్నాడు.

"వాసన కూడా రాదు కదా, ఎలా తెలిసిందో?"

"గేటు తీసేటప్పుడు నువ్వు నా వైపు చూడలేదు," అన్నాడు నాన్న. "ఇంక నా పని అయిపోయిందని వచ్చి చేతులు కడుక్కుంటున్నాను."